నెత్తి మీద జుట్టు కోసం ఇస్తాంబుల్ దాకా... మన కుర్రాళ్ల మనసులో ఏముంది?

కీసర (ఎన్టీఆర్ జిల్లా): హైదరాబాద్–విజయవాడ హైవే మీద కీసర టోల్‌గేట్ దగ్గర కాసేపు నిలబడితే చాలు, మన ప్రాంతం వైద్యం కోసం ఎటు పరిగెడుతుందో తెలిసిపోతుంది. విజయవాడ సూర్యారావుపేట ఆస్పత్రుల వైపు కొన్ని అంబులెన్సులు, హైదరాబాద్ వైపు కొన్ని. ఊళ్లో ఆర్‌ఎంపీ, ఆ తర్వాత నందిగామ సర్కారు దవాఖానా, అది దాటితే విజయవాడ, అదీ దాటితే హైదరాబాద్. జబ్బు పెద్దదైతే దూరం కూడా పెరగాలన్నది మన లెక్క. 2023 జూలైలో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైవే మీదకి నీళ్లొచ్చి బండ్లు ఆగిపోయాయి. మనం దూరాన్ని ఎంతగా నమ్ముకుని బతుకుతున్నామో ఆ రోజు తెలిసొచ్చింది.

ఈ నిచ్చెనకి ఇప్పుడు కొత్తగా ఇంకో మెట్టు వచ్చింది. అది రోడ్డు మీద కాదు, కుర్రాళ్ల ఫోన్లలో ఉంది. ఇస్తాంబుల్‌లో మూడు రోజులు, ఫోర్ స్టార్ హోటల్, ఎయిర్‌పోర్టు నుంచి కారు, వేల కొద్దీ గ్రాఫ్టులు, కొత్త జుట్టు. రీల్ మొదట్లో బట్టతల కుర్రాడు, చివర్లో అదే కుర్రాడు దువ్వెనతో. దుబాయ్‌లో రూమ్‌లో పడుకుని చూసేవాడికీ, జగ్గయ్యపేటలో షాపు కౌంటర్ వెనక కూర్చుని చూసేవాడికీ ఒకటే రీల్.

గుండె, క్యాన్సర్, కిడ్నీల మధ్య ఈ జుట్టు గొడవేంటి అని పెద్దవాళ్లు నవ్వొచ్చు. కానీ పాతికేళ్ల వయసులో, ప్రాణానికి ఏ ఆపదా లేకుండా, అప్పు చేసి మరీ పరాయి దేశంలో కత్తి కిందకి వెళ్లాలని మనిషికి ఎందుకు అనిపిస్తుంది? జబ్బు పెద్దదైతే ఈ ప్రశ్న రాదు, ప్రాణభయం అన్నిటికీ జవాబు చెప్పేస్తుంది. జుట్టు విషయంలో మాత్రం మనసు బయటపడిపోతుంది. అందుకే దీన్ని పట్టుకున్నాం. పైగా ఈ ఆలోచన ఇంట్లో చాలామందికి తెలియదు. టికెట్ బుక్ అయ్యాకే తెలుస్తుంది, ఒక్కోసారి అప్పటికీ తెలియదు.

దూరపు డాక్టర్ మీద నమ్మకం కొత్తది కాదు

మన జిల్లాకి 2022 ఏప్రిల్‌లో ఎన్టీఆర్ పేరు పెట్టారు. ఆ ఎన్టీఆర్ 1984లో ముఖ్యమంత్రిగా ఉండగానే గుండె ఆపరేషన్‌కి అమెరికా వెళ్లారు. తిరిగొచ్చిన రోజుల్లోనే, ఆగస్టు 16న, నాదెండ్ల భాస్కరరావు ముఖ్యమంత్రి అయ్యారు. సరిగ్గా నెలకి, సెప్టెంబరు 16న, ఎన్టీఆర్ మళ్లీ కుర్చీ ఎక్కారు. రాజకీయం సంగతి అందరికీ గుర్తుంది. జనం మనసులో నిలిచిపోయింది ఇంకొకటి కూడా ఉంది: ముఖ్యమంత్రికి కూడా గుండె ఆపరేషన్ అమెరికాలోనే అయింది. పెద్ద ఆపరేషన్ అంటే విమానం ఎక్కాలి అన్న మాట మన నాన్నల తరానికి అప్పుడే పడిపోయింది.

డాక్టర్ ప్రతాప్ సి. రెడ్డి 1983లో చెన్నైలో అపోలో పెట్టడానికి కారణంగా చెప్పేది కూడా ఇలాంటి కథే. గుండె ఆపరేషన్‌కి అమెరికా వెళ్లడానికి డబ్బు సమకూరక ఒక రోగి చనిపోయాడు, అందుకే ఇక్కడే ఆస్పత్రి కట్టానని ఆయన చాలాసార్లు చెప్పారు. 1988కి హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లో కూడా అపోలో వచ్చింది. 

ఆ తర్వాత కథ తిరగబడింది. ఈరోజు హైదరాబాద్ టోలిచౌకి వైపు వెళ్లండి. యెమెన్, సూడాన్, సోమాలియా, ఒమన్ నుంచి వచ్చిన రోగులు, వాళ్ల వెంట వచ్చిన బంధువులు అద్దె ఇళ్లల్లో కనిపిస్తారు. వాళ్ల వెంట ఆస్పత్రుల్లో తిరిగే అరబీ దుబాసీలలో చాలామంది మన పాతబస్తీ కుర్రాళ్లే. వైద్యం కోసం ఏడాదికి లక్షల మంది విదేశీయులు భారతదేశానికి వస్తున్నారు. 2023లో ఈ సంఖ్య ఆరు లక్షలకి పైనే, అందులో ఎక్కువమంది బంగ్లాదేశ్ వాళ్లు.

అంటే ఒమన్ కుర్రాడు నమ్మి హైదరాబాద్ వస్తున్నాడు, మన కుర్రాడు హైదరాబాద్‌ని దాటి ఇస్తాంబుల్ చూస్తున్నాడు. మన ఇళ్లల్లో దీనికి రెడీమేడ్ సామెత ఉంది, ఘర్ కీ ముర్గీ దాల్ బరాబర్. తెలుగులో అయితే పొరుగింటి పుల్లకూర. సామెత బాగుంది కానీ జవాబు పూర్తిగా చెప్పదు. పొరుగింటి కూర రుచిగా ఉంటుందనే కాదు, అక్కడ తింటే మన ఇంట్లోవాళ్లు చూడరు కూడా. నా ఉద్దేశంలో అసలు విషయం ఇక్కడే ఉంది.

మూడు ప్రశ్నలు, మూడు జవాబులు

మనిషి ఒక పని చేయాలని ఎలా నిర్ణయించుకుంటాడో అమెరికాలోని మనస్తత్వ శాస్త్రవేత్త ఐజెక్ ఐజెన్ ఒక సిద్ధాంతంగా చెప్పాడు. 1991లో రాసిన వ్యాసం తర్వాత అది ప్రపంచమంతా వాడకంలోకి వచ్చింది. వైద్యం కోసం విదేశాలకి వెళ్లేవాళ్ల మీద పరిశోధన చేసేవాళ్లు కూడా చాలావరకు దీన్నే పట్టుకుంటారు. సాదా మాటల్లో చెప్పాలంటే మనసు మూడు ప్రశ్నలు వేసుకుంటుంది. ఇది చేస్తే నాకు మంచి జరుగుతుందా? నావాళ్లు ఏమనుకుంటారు? ఇది నా వల్ల అవుతుందా? మూడింటికీ జవాబు అనుకూలంగా ఉంటే ఉద్దేశం గట్టిపడుతుంది.

మొదటి ప్రశ్నకి జవాబు రీల్ చెప్పేస్తోంది. ముందు ఫోటో, తర్వాత ఫోటో, మధ్యలో గడిచిన ఏడాది మాయం. నాటిన జుట్టు మొదటి కొన్ని వారాల్లో చాలావరకు రాలిపోతుంది. మూడు నాలుగు నెలలకి మళ్లీ మొలవడం మొదలవుతుంది. పూర్తి ఫలితం తెలియడానికి సుమారు ఏడాది పడుతుంది. ఇది వైద్యంలో మామూలు సంగతే. కానీ రీల్‌లో ఆ రాలిన నెలలు ఉండవు. ఆ నెలల్లో మన కుర్రాడు అద్దం ముందు ఒంటరిగా ఉంటాడు, క్లినిక్ ఐదు వేల కిలోమీటర్ల అవతల ఉంటుంది.

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో ఇన్‌ఫ్లుయెన్సర్లకి మార్గదర్శకాలు ఇచ్చింది. డబ్బో, ఉచిత సేవో తీసుకుని చెప్తున్నప్పుడు ఆ మాట స్పష్టంగా చెప్పాలి. అదే ఏడాది ఆగస్టులో ఆరోగ్యం గురించి మాట్లాడేవాళ్లకి ఇంకొన్ని కలిపారు. ఉచితంగా ఆపరేషన్ చేయించుకుని వచ్చి, మాషాఅల్లాహ్ సూపర్ రిజల్ట్ అని చెప్పేవాడు నిజానికి కస్టమర్ కాదు, సేల్స్‌మన్. మన పిల్లలు ఈ తేడా గుర్తుపట్టగలరు, తెలివి తక్కువవాళ్లేం కాదు. కానీ గుర్తుపట్టాలని వాళ్లకి ఉండదు. ఆశ అలా పనిచేస్తుంది.

చట్టానికి ఈ ఆశ సంగతి ఎప్పుడో తెలుసు. డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ నిబంధనల్లో షెడ్యూల్ జె అని ఒక జాబితా ఉంది. ఈ మందు వీటిని నయం చేస్తుందని చెప్పుకోకూడదు అనే జబ్బుల పట్టిక అది. క్యాన్సర్ లాంటి వాటితో పాటు అందులో బట్టతల, ఎత్తు పెరగడం, చర్మం తెల్లబడటం కూడా ఉన్నాయి. ఏ సిగ్గు మీద వ్యాపారం నడుస్తుందో ఆ పట్టిక చూస్తే అర్థమైపోతుంది. అయినా 2025 ఏప్రిల్‌లో హైదరాబాద్ ఉప్పల్‌లో ఏం జరిగింది? ఢిల్లీ నుంచి వచ్చిన ఒక మనిషి గుండు గీసి ఏదో రాస్తే జుట్టు వస్తుందని ప్రచారం అయ్యేసరికి జనం క్యూ కట్టారు. అంతకు నెల ముందే పంజాబ్‌లోని సంగ్రూర్‌లో ఇలాంటి క్యాంపుకే వెళ్లి చాలామంది కళ్ల మంటలతో ఆస్పత్రికి చేరారు. టీవీలో అది చూసి నవ్వుకున్న కుర్రాడే రాత్రికి ఇస్తాంబుల్ రేటు వెతుకుతాడు. పేదవాడికి ఉప్పల్, కాస్త ఉన్నవాడికి తుర్కియే. రెండింటి వెనకా ఉన్న మనసు ఒకటే.

"నావాళ్లు ఏమనుకుంటారు?"

రెండో ప్రశ్న దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. పుస్తకాల్లో దీన్ని చుట్టుపక్కలవాళ్ల ఒత్తిడి అంటారు. స్నేహితులు, కుటుంబం మెచ్చుకుంటే ఉద్దేశం బలపడుతుంది, కాదంటే తగ్గుతుంది అని. మన ఇళ్లల్లో ఇది ఇంత సూటిగా నడవదు. ఎందుకంటే మనవాళ్లు ఒకే నోటితో రెండు మాటలు చెప్తారు.

పెళ్లిళ్ల సీజన్‌లో ఖాలా వచ్చి, "క్యా బేటా, ఇంకా ముప్పై నిండలేదు, నెత్తి మీద ఇదేంటి?" అంటుంది. రిష్తా కోసం ఫోటో పంపాలంటే టోపీ పెట్టుకున్నదే పంపమంటారు. అమ్మాయి తరఫువాళ్లు వయసు రెండుసార్లు అడుగుతారు. తోటివాళ్లు అంకుల్ అని పిలిచి నవ్వుతారు. ఇదంతా ప్రేమతోనే, సరదాగానే. అదే కుర్రాడు ఓ రోజు ధైర్యం చేసి, "అమ్మీ, డాక్టర్‌కి చూపించుకుంటా" అంటే మాత్రం, "మగాడివి, జుట్టు కోసం డాక్టరేంటి, డబ్బులు ఎక్కువయ్యాయా?" అని అదే ఇల్లు అంటుంది. సమస్య ఉందని పది నోళ్లు చెప్తాయి. పరిష్కారం వెతికితే సిగ్గులేదంటాయి.

ఈ రెండు మాటల మధ్య ఇరుక్కున్నవాడికి కావాల్సింది మంచి డాక్టర్ కాదు, ఎవరూ చూడని చోటు. నందిగామలో చర్మం డాక్టర్ దగ్గర కూర్చుంటే పక్క కుర్చీలో తెలిసిన మొహం ఉంటుంది. విజయవాడలో అయినా ఎవరో ఒక చాచా తగులుతాడు. ఇస్తాంబుల్‌లో ఎవరూ ఉండరు. వైద్యాన్ని అక్కడ సెలవు ట్రిప్ కింద దాచేయొచ్చు. ఉమ్రాతో పాటు తుర్కియే చూపించే ప్యాకేజీలు హైదరాబాద్ ట్రావెల్స్ వాళ్ల దగ్గర ఉన్నాయి. ఉమ్రా చేసి గుండుతో వచ్చినవాడి తలని ఎవరూ అనుమానంగా చూడరు కదా అన్న ఆలోచన రావడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. దూరం ఇక్కడ ఖర్చు కాదు, దూరమే అసలు సరుకు.

టోలిచౌకిలో కనిపించే అరబ్ రోగుల్లో కూడా కొందరి విషయంలో ఇదే జరుగుతుందేమో. సొంత ఊళ్లో చెప్పుకోలేని సమస్యని తెలియని ఊళ్లో చెప్పుకోవడం ఏ దేశం మనిషికైనా తేలిక.

2016లో హైదరాబాద్‌లో ఒక కేసు పెద్ద వార్త అయింది, గుర్తుండే ఉంటుంది. ఇరవై రెండేళ్ల సాఫ్ట్‌వేర్ కుర్రాడు ఎత్తు పెరగడానికి కాళ్ల ఎముకలు కోయించుకునే ఆపరేషన్‌కి వెళ్లాడు. ఇంట్లో చెప్పలేదు. కొడుకు కనిపించడం లేదని వెతుక్కుంటూ తల్లిదండ్రులు పోలీసుల దాకా వెళ్తే చివరికి ఆస్పత్రి మంచం మీద దొరికాడు. అప్పుడు టీవీలన్నీ ఆస్పత్రిది తప్పా కాదా అని వాదించాయి. పొట్టిగా ఉన్నానన్న బాధ ఇంట్లో చెప్పడం కన్నా ఎముక కోయించుకోవడమే ఆ పిల్లాడికి సులువుగా ఎందుకు అనిపించిందో అడిగినవాళ్లు తక్కువ.

ఆడపిల్లల సంగతి? రంగు, బరువు, మొహం మీద మచ్చలు, పీసీఓడీ వల్ల వచ్చే వెంట్రుకలు. బాధ అబ్బాయిలకన్నా ఎక్కువే, మాటలు ఇంకా పదునుగా పడతాయి. తేడా ఏంటంటే వాళ్ల చేతిలో పాస్‌పోర్టు ఉండదు, జీతం ఉండదు. వాళ్లకి విదేశం అంటే లేడీ డాక్టర్ ఉన్న విజయవాడే. అక్కడికి కూడా వెంట ఒకరు రావాలి, కాబట్టి రహస్యం కుదరదు. అలాంటప్పుడు ఆన్‌లైన్‌లో తెప్పించే తెల్లబడే క్రీములే దిక్కవుతాయి. అది ఇంకో వ్యాసం.

"నా వల్ల అవుతుందా?" ఖాతా పుస్తకం తీద్దాం

మూడో ప్రశ్నకి పదేళ్ల కింద జవాబు కాదనే వచ్చేది. ఇప్పుడు గల్ఫ్‌లో ఉన్న కజిన్ వాట్సాప్‌లో ఒక నంబరు పంపుతాడు. ఆ నంబరుకి తల ఫోటోలు నాలుగు వైపుల నుంచి పంపితే గంటలో జవాబు వస్తుంది, సార్ అని పిలుస్తారు, ఇంగ్లిష్ కష్టమైతే ఉర్దూ మాట్లాడే మనిషిని లైన్‌లోకి తెస్తారు. సర్కారు దవాఖానా ఓపీ లైన్‌లో రెండు గంటలు నిలబడి, నిమిషంలో "నెక్స్ట్" అనిపించుకుని బయటికొచ్చిన కుర్రాడికి ఆ గౌరవం విలువ ఏంటో వేరే చెప్పాలా? ఎయిర్‌పోర్టులో తన పేరు రాసిన బోర్డు పట్టుకుని ఒక మనిషి నిలబడతాడట. అది కూడా ప్యాకేజీలో భాగమే.

తుర్కియే అయితే మన పిల్లలకి ఇంకో ధైర్యం కూడా. ఎర్తుగ్రుల్ సీరియల్‌ని ఉర్దూ డబ్బింగ్‌లో ఇంటిల్లిపాదీ చూశాం. ఆ వీధులు, ఆ మసీదులు తెలిసినట్టే ఉంటాయి. భోజనం హలాలా కాదా అని అడగక్కర్లేదు, అజాన్ వినిపిస్తుంది. పరాయి దేశం అన్న భయం సగం తగ్గిపోతుంది. కానీ ఈ పరిచయం సర్జన్ చేతి పనికి గ్యారంటీ కాదు. మన మతస్థుడు కాబట్టి మోసం చేయడు అన్న నమ్మకం మీద ఎన్ని చిట్టీలు మునిగాయో కొత్తగా చెప్పక్కర్లేదు.

2025 మేలో ఆపరేషన్ సిందూర్ తర్వాత తుర్కియే పాకిస్తాన్ పక్షాన మాట్లాడటంతో మన దేశంలో తుర్కియే టూర్లు బహిష్కరించాలని పిలుపులొచ్చాయి, బుకింగులు బాగా పడిపోయాయి. హైదరాబాద్‌తో సహా పలు ఎయిర్‌పోర్టుల్లో పనిచేసే చెలెబి కంపెనీకి మే 15న సెక్యూరిటీ అనుమతి రద్దయింది. ఆ వాతావరణంలో ముస్లిం పేరున్న కుర్రాడు ఇస్తాంబుల్ వెళ్లాడంటే నలుగురు నాలుగు రకాలుగా అనుకుంటారన్న బెరుకు కూడా తోడైంది. దాంతో ఏమైంది? వెళ్లాలన్న ఉద్దేశం చావలేదు, రహస్యం ఇంకాస్త పెరిగింది.

బీకామ్ చదివినవాణ్ని, అంకెలు చూడకుండా ఉండలేను. ప్యాకేజీ ధర వేరు, అసలు ఖర్చు వేరు. ప్యాకేజీలో సాధారణంగా ఆపరేషన్, రెండు మూడు రాత్రుల హోటల్, కారు ఉంటాయి. విమానం టికెట్ ఉండదు. వీసా ఉండదు. అమెరికా, బ్రిటన్, షెంగెన్ లాంటి వీసా చేతిలో ఉన్న భారతీయులకే తుర్కియే ఈ-వీసా ఇస్తుంది, మిగతావాళ్లు మామూలు వీసాకి పత్రాలు పెట్టి ఆగాల్సిందే. సెలవు పెట్టిన రోజుల జీతం లెక్కలోకి రాదు. తర్వాత నెలల తరబడి వాడాల్సిన మందులు రావు. చివరికి, అందరూ మర్చిపోయేది, రెండో సిట్టింగ్. ఈఎంఐ మీద వెళ్లినవాడికి మొదటి జుట్టు మొలిచేసరికే అప్పు సగం కూడా తీరదు, అప్పుడు రెండోసారి అంటే? ఇంత పెట్టాను కదా, ఇంకొంచెం పెడితే పూర్తవుతుంది అనిపిస్తుంది. కామర్స్‌లో దీనికి మునిగిన ఖర్చు అని పేరు. పోయిన డబ్బుని చూసి కొత్త డబ్బు పెట్టకూడదని మొదటి ఏడాదే చెప్తారు. చదివినవాళ్లం కూడా పాటించం.

తుర్కియే వైపు నుంచి చూస్తే ఇది పెద్ద పరిశ్రమ. అన్ని రకాల వైద్యాలూ కలిపి ఏడాదికి సుమారు 15 లక్షల మంది విదేశీయులు, దాదాపు 300 కోట్ల డాలర్ల ఆదాయం అని వాళ్ల ప్రభుత్వ లెక్కలు. మంచి సర్జన్లు ఉన్నారు, అనుమానం లేదు. విదేశీ రోగుల్ని తీసుకునే సంస్థలకి అక్కడి ఆరోగ్య శాఖ ప్రత్యేక అనుమతి పత్రం కూడా ఇస్తుంది. కానీ తక్కువ రేటు చోట్ల డాక్టర్ పేరు బోర్డు మీదే ఉండి, తల మీద పనంతా టెక్నీషియన్లు చేస్తున్నారని అంతర్జాతీయ హెయిర్ రెస్టొరేషన్ సర్జన్ల సంఘమే ఏళ్లుగా ప్రచారం చేస్తోంది. 2025లో బ్రిటన్ నుంచి ఇస్తాంబుల్ వెళ్లిన ఒక వ్యక్తి ఈ ఆపరేషన్ కోసం వెళ్లినప్పుడే ప్రాణం పోగొట్టుకున్నాడు.

ఇక్కడ అంతా భద్రం అనుకోవద్దు. 2016లో చెన్నైలో సాక్షాత్తు మెడికల్ కాలేజీ విద్యార్థే సెలూన్ లాంటి సెంటర్‌లో హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకుని చనిపోయాడు. 2025లో కాన్పూర్‌లో ఒక ఇంజినీర్ చనిపోతే, చేసినావిడ దంతవైద్యురాలని కేసు నడిచింది. 2022 సెప్టెంబరులోనే జాతీయ వైద్య కమిషన్ గట్టిగా చెప్పింది: హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ శిక్షణ పొందిన రిజిస్టర్డ్ డాక్టరే చేయాలి, వర్క్‌షాపులు, యూట్యూబ్ వీడియోలు చూసి నేర్చుకున్నది శిక్షణ కింద చెల్లదు అని.

తేడా పని చెడినప్పుడు తెలుస్తుంది. ఇక్కడైతే 1995 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందకి వస్తుంది. 2019 కొత్త చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే ఫిర్యాదు వేయొచ్చు. ఇస్తాంబుల్ క్లినిక్ మీద విజయవాడలో ఆర్డర్ తెచ్చుకున్నా దాన్ని ఎవరు అమలు చేస్తారు? తలలో చీము పట్టి ఇక్కడి డాక్టర్ దగ్గరికి వస్తే, అక్కడ ఏ మత్తు ఇచ్చారో, ఏ మందు రాశారో చూపించే కాగితం చాలామంది దగ్గర ఉండదు. ఉన్నా తుర్కీ భాషలో ఉంటుంది.

దగ్గరి డాక్టర్ ఎందుకు ఓడిపోతాడు

ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల కుర్రాడు నిజాయితీ ఉన్న చర్మవైద్యుడి దగ్గరికి వెళ్తే ఏమంటాడు? "ఇప్పుడే ఆపరేషన్ వద్దు బాబూ. ముందు మందులు వాడు, ఏడాది చూద్దాం" అంటాడు. కారణం ఉంది. వంశంలో వచ్చే బట్టతల ఆ వయసులో ఇంకా నడుస్తూనే ఉంటుంది. ముందు భాగంలో నాటిన జుట్టు నిలబడి, వెనక ఉన్న సొంత జుట్టు రాలిపోతే మధ్యలో ఖాళీ దీవిలా మిగులుతుంది. నాటడానికి తీసేది తల వెనక భాగం నుంచే, అది బ్యాంకు డిపాజిట్ లాంటిది, ఒకసారి తీసేస్తే మళ్లీ పెరగదు. చిన్న వయసులో అంతా వాడేస్తే నలభైలో చేతిలో ఏమీ ఉండదు.

దగ్గరి డాక్టర్ "ఆగు" అంటాడు, దూరపు క్లినిక్ "ఏ తేదీకి వస్తారు సార్?" అంటుంది. నికాహ్ తేదీ ముందున్నవాడికి ఏది నచ్చుతుందో చెప్పండి. మంచి సలహా ఇచ్చినందుకే మన డాక్టర్ కస్టమర్‌ని పోగొట్టుకుంటాడు. మంగళగిరి ఎయిమ్స్ మన దగ్గర నుంచి ఎంత దూరం? 2024 ఫిబ్రవరి 25న జాతికి అంకితం చేశారు, పది రూపాయల ఓపీ చీటీతో చర్మ విభాగంలో చూపించుకోవచ్చు. కానీ పది రూపాయల మాట మీద నమ్మకం కుదరదు. ఖరీదైనదే మంచిదన్న లెక్క మన నెత్తికెక్కి కూర్చుంది. ఆరోగ్యశ్రీ లాంటి పథకాలు సౌందర్య చికిత్సలకి ఎలాగూ వర్తించవు.

దీన్లో దీనికి అనుమతి ఉందా అని కూడా కొందరు పిల్లలు మనసులో నలుగుతుంటారు. పోయిన సొంత జుట్టుని సొంత తల నుంచే తీసి నాటుకోవడం వేరు, వేరే మనిషి జుట్టు కలుపుకోవడం వేరు అని, మొదటిదాన్ని చికిత్సగా చూసి చాలామంది ఉలమా అనుమతిస్తారు. ఫత్వా మాట్లాడే అర్హత రిపోర్టర్‌కి లేదు, మీ మౌలానా సాబ్‌ని అడగండి. ఇబ్బంది ఏంటంటే ఈ ప్రశ్న ఇమామ్‌ని అడగాలన్నా పిల్లాడికి అదే సిగ్గు అడ్డొస్తుంది.

ఇదే రహస్యం ఇంకా ప్రమాదకరమైన దారికి కూడా తలుపు తీస్తుంది. నల్గొండ నుంచి ఒక కుర్రాడు కిడ్నీ అమ్ముకోవడానికి శ్రీలంక వెళ్లి, తర్వాత తనే ఏజెంటుగా మారి మిగతా యువకుల్ని కొలంబోకి పంపాడని 2016 జనవరిలో పోలీసులు పట్టుకున్నారు. ఆ తర్వాత శ్రీలంక విదేశీయులకి కిడ్నీ మార్పిడులు ఆపేసింది. 2024లో కేరళ పోలీసులు ఇరాన్‌కి మనుషుల్ని తీసుకెళ్తున్న ముఠాని పట్టుకుంటే, అందులో ముఖ్యుడని చెప్పిన మనిషి విజయవాడవాడు. ఇవి జుట్టు కథ కాదు, వైద్యం పేరుతో విమానం ఎక్కించిన పేద పిల్లల కథ. అయినా పద్ధతి చూడండి: వాట్సాప్ నంబరు, టికెట్ మేం చూసుకుంటాం అన్న మాట, ఇంట్లో చెప్పొద్దన్న షరతు. విదేశీ వైద్యం గురించి ఎవరైనా మీ పిల్లాడికి "ఇంట్లో చెప్పకు" అన్నారంటే అక్కడే ఆగి ఆలోచించాలి.

ఇంత చెప్పాక కూడా వెళ్లేవాళ్లు వెళ్తారు, వెళ్లొద్దని నేను అనను. ఇష్టం వాళ్లది, తల వాళ్లది. ఇంట్లో మాట బయటికి వస్తే మాత్రం కొన్ని పనులు ముందే జరుగుతాయి. అబ్బా తిట్టినా తిట్టి, "సరే, ముందు విజయవాడలో ఇద్దరు డాక్టర్లకి చూపించు" అంటాడు. ఆ ఇద్దరూ ఒకే మాట చెప్తే సగం నిర్ణయం అక్కడే అయిపోతుంది. మిగతా సగానికి క్లినిక్‌ని అడగాల్సినవి ఉన్నాయి. కోత పెట్టేది డాక్టరా, టెక్నీషియనా? ఆ డాక్టర్ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఏంటి? అక్కడి ఆరోగ్య శాఖ అనుమతి పత్రం ఉందా? ఒక రోజులో ఎన్ని ఆపరేషన్లు చేస్తారు? నా వెనక తలలో ఎంత నిల్వ ఉంది, అందులో ఎంత తీస్తున్నారు? డబ్బు కట్టే ముందు ఈ జవాబులు ఫోన్‌లో మాటగా కాకుండా రాతలో తీసుకోవాలి. తిరిగొచ్చేటప్పుడు ఆపరేషన్ నోట్సు, ఇచ్చిన మత్తు, రాసిన మందుల పేర్లు ఇంగ్లిష్‌లో రాయించుకుని హ్యాండ్ బ్యాగ్‌లోనే పెట్టుకోవాలి. సూట్‌కేసులో వద్దు, అది శంషాబాద్‌లో రెండు రోజులు లేటుగా వచ్చిన సందర్భాలున్నాయి.